ట్రిప్పు పైసలు రోజు నడిపే బండే తాగుతున్నది

ఎండాకాలం వచ్చిందంటే మన దేవరకొండ దిక్కు పోరగాళ్ల వాట్సాప్ గ్రూపుల్ల ఒకటే ముచ్చట నడుస్తది. ఈసారి యాడికి? డిండి కట్ట మీదికా, నేరెడుగొమ్ము అవతల వైజాగ్ కాలనీ కాడ కృష్ణ ఒడ్డున టెంట్ ఏసుకునేతందుకా, లేకుంటే మన్ననూర్ గేటు దాటి నల్లమల నడుమ నుంచి శ్రీశైలం దాకనా? 2022 ఎండాకాలంల గూడ ముచ్చటైతే మొదలైంది. కాని శానా గ్రూపుల్ల అది 'సూద్దాం తియ్‌రా' కాడనే ఆగింది.

ఎందుకాగింది అంటే అందరు చెప్పేది ఒక్కటే, పెట్రోల్. నిజమే. కాని కాయితం మీద లెక్క ఏస్తే మనం అనుకున్న తీరుగ లేదది.

మొదలు ధర ముచ్చట. 2021 నవంబర్ 4 నుంచి 2022 మార్చి 21 దాక, 137 రోజులు, పెట్రోల్ ధర కదల్లే మెదల్లే. ఫిబ్రవరి 24 నాడు రష్యా ఉక్రెయిన్ మీద పడ్డది, ప్రపంచం మీద చమురు ధర భగ్గుమన్నది, అయినా మన బంకుల కాడ బోర్డు మారలే. ఉత్తరప్రదేశ్, పంజాబ్ తోని కలిపి ఐదు రాష్ట్రాల ఎలక్షన్లు నడుస్తున్నయి కద మరి. మార్చి 10కి ఫలితాలు వచ్చినయి. మార్చి 22 నుంచి షురువైంది. ఏప్రిల్ 6 దాక 16 రోజుల్ల 14 సార్లు పెంచిన్రు. హైదరాబాద్‌ల లీటర్ పెట్రోల్ 119 రూపాయల 49 పైసలు, డీజిల్ 105 రూపాయల 49 పైసలు అయ్యింది. మన బంకుల కాడ పైసలల్ల కొంచెం అటిటు, అంతే.

దానికి రెండేండ్ల ముందట లాక్‌డౌన్ నాడు, 2020 ఏప్రిల్‌ల, అదే హైదరాబాద్‌ల పెట్రోల్ 73 రూపాయల 97 పైసలు, డీజిల్ 67 రూపాయల 82 పైసలు. 2022 లెక్క దానితోనే ఏద్దాం.

దేవరకొండ నుంచి శ్రీశైలం పోయి వచ్చేసరికి, అక్కడిక్కడ తిరిగేది కలిపి 300 కిలోమీటర్లు అనుకోండి. బండి లీటర్‌కు 50 ఇస్తదనుకుంటే 6 లీటర్లు. 2020ల 444 రూపాయలు అయ్యేది, 2022ల 717. పెరిగింది 273. బండి మీద ఇద్దరు పోతే తలా 140 గూడ రాదు. దీనికే ట్రిప్పు ఆగిందంటే నమ్మబుద్ధి అయితదా? ఒక బిర్యానీ తక్కువ తింటే ఎల్లిపోతది.

ఇగ రెండో లెక్క. మల్లేపల్లిలనో, హాలియాలనో, హైదరాబాద్‌లనో పని చేసే పిలగాడు రోజుకు పోను రాను 40 కిలోమీటర్లు బండి నడిపితే, నెలకు 25 రోజులు, 1000 కిలోమీటర్లు. 20 లీటర్లు. 2020ల 1,480 దాక అయ్యేది, 2022ల 2,390. అంటే నెలకు 910 రూపాయలు ఎక్కువ. జీతం పెరగలే. ఈ 910 యాడికెళ్లి రావాలె? డ్యూటీకి పోకుండ ఉండలేడు. కిరాయి కట్టకుండ ఉండలేడు. గ్యాస్ సిలిండర్ 2022 మార్చిల 50 పెరిగి 1,002 అయ్యింది, అది గూడ ఆపలేడు. మిగిలింది ఏందంటే ట్రిప్పు పైసలే. సూడండి, శ్రీశైలం ట్రిప్పుకు మొత్తం పెట్రోల్ 717. నెలనెలా డ్యూటీ బండి ఎక్కువ తాగింది 910. ప్రతి నెల ఒక శ్రీశైలం ట్రిప్పు, పైన ఛాయ్ పైసలు గూడ, ఆఫీసు తొవ్వలనే కాలిపోయినయి.

అందుకే 'తిరుగుడు పోరగాళ్ల శౌకు, పెట్రోల్ పెరిగితే తిరుగుడు తక్కువ చేసుకోవాలె' అని టీవీల చెప్పేటోళ్ల మాట నాకు నచ్చదు. తిరుగుడు ఎప్పుడో తక్కువైంది. తక్కువ చేసుకోరానిదే పెరిగింది.

అమెరికాల గూడ 2022ల ఇదే రంది నడిచింది. అక్కడ ఆర్వీ అంటరు, ఇల్లంత బండి, మంచం, పొయ్యి, బాత్రూం అన్నీ అండ్లనే. పెద్దదైతే లీటర్‌కు నాలుగు కిలోమీటర్లు నడుస్తే గొప్ప. మార్చిల అక్కడ గ్యాలన్ 4 డాలర్లు దాటేసరికి ఎండాకాలం టూర్లు ఎట్ల అని లబలబలాడిన్రు. వాళ్ల బాధ వాళ్లది, కాదనను. కాని అక్కడ కేంద్ర సర్కారు పన్ను గ్యాలన్‌కు 18.4 సెంట్లు. 2022ల మన లెక్కల లీటర్‌కు 4 రూపాయల లోపే. ఆ మీదికెళ్లి రాష్ట్రాల పన్ను వేరే ఉంటది. మన దగ్గర 2022 ఏప్రిల్‌ల కేంద్రం తీసుకున్నది లీటర్ పెట్రోల్ మీద 27 రూపాయల 90 పైసలు. మన వ్యాట్ 35.2 శాతం, అది అప్పటి ధర మీద 31 రూపాయల దాక పడ్డది. రెండు కలిపితే 59. బంకుల 100 కొట్టిస్తే సగం నూనె, సగం పన్ను అయ్యేది.

ఇండ్ల ఇంకో కిటుకు ఉన్నది, ఎక్కువ మంది పట్టించుకోరు. కేంద్రం పన్ను లీటర్‌కు ఇన్ని రూపాయలని ఉంటది, ధర పెరిగినా అది పెరగదు. మన వ్యాట్ శాతం లెక్కల ఉంటది, ధరతోని అదే పెరుగుతది. అందుకే ఆ 16 రోజుల్ల ఢిల్లీల పెట్రోల్ సరిగ్గ 10 రూపాయలు పెరిగితే, మన హైదరాబాద్‌ల 11 రూపాయల 29 పైసలు పెరిగింది. అండ్ల 2 రూపాయల 90 పైసల పైన రాష్ట్ర ఖజానాకే. ఎవ్వరు జీవో తియ్యలే, ఎవ్వరు ప్రెస్‌మీట్ పెట్టలే, ఊకెనే వచ్చినయి.

2022 ఏప్రిల్ 27 నాడు ప్రధాని ముఖ్యమంత్రుల మీటింగుల తెలంగాణ పేరు గూడ తీసి వ్యాట్ తగ్గించమన్నడు. ఇక్కడోళ్లు 'ముందు మీ సెస్సులు తగ్గించున్రి' అన్నరు. ఇద్దరు చెప్పిండ్లల్ల నిజం ఉన్నది, అదే తమాషా. ఆ 27.90ల రాష్ట్రాలకు వాటా వచ్చింది 1 రూపాయ 40 పైసల మీదనే, కడమంత సెస్సులు, స్పెషల్ డ్యూటీల పేరు మీద కేంద్రమే ఉంచుకున్నది. 2020 మే నెలల ప్రపంచం మీద చమురు అగ్గువకు దొరికిన నాడు, మనకు అగ్గువకు ఇయ్యకుండ పెట్రోల్ మీద 10, డీజిల్ మీద 13 రూపాయలు డ్యూటీ పెంచిన్రు. 2021 నవంబర్‌ల 5, 10 తగ్గించిన్రు. మరి ఆ తగ్గించిన నాడు శానా రాష్ట్రాలు తమ వ్యాట్ గూడ తగ్గించినయి, మనోళ్లు పైస తగ్గియ్యలే. వడ్ల పంచాయితీ ఎట్ల నడిచిందో ఇది గూడ అట్లనే నడిచింది.

ఇప్పటిదాక బండ్ల ముచ్చటే చెప్పిన. అసలు దెబ్బ తగిలింది తుఫాన్ బండికి. మన దిక్కు కుటుంబం అంత కలిసి పోవాలంటే తుఫానే. అమ్మ, నాయినమ్మ, చిన్నమ్మ, పిల్లలు, ఎనక గ్యాస్ పొయ్యి, బియ్యం సంచి, చాపలు. సాగర్ పోయినా శ్రీశైలం పోయినా యాడనో చెట్టు కింద ఆపి వండుకొని, అక్కడనే పండుకునుడు. మనోళ్ల క్యాంపింగ్ అంటే అదే, పేరే పెట్టలేదు. తుఫాన్ లీటర్‌కు 12 ఇస్తదనుకుంటే అదే 300 కిలోమీటర్లకు 25 లీటర్లు. డీజిల్ 1,700 దాక అయ్యేది 2,640 దాక అయ్యింది. 12 మందికి పంచితే తలా 80 రూపాయలు. కాని తలా పంచుకునేది దోస్తులు. కుటుంబం పోతే 940 ఒక్కడి జేబుల నుంచే పోతది. నాయిన 'వచ్చే ఏడు సూద్దాం' అంటడు. కొడుకేమో రెండు వందలు ఏసుకొని దోస్తుతోని బండి మీద ఎట్లనో ఒకట్ల పోయొస్తడు. ఇంట్ల ఆగిపోయేది అమ్మ, చెల్లె, నాయినమ్మ. వాళ్లకు ఏడాదిల ఊరు దాటే తొవ్వ ఇదొక్కటే. ఈ లెక్క ఏ సర్వేల రాదు.

బండి మీద పోయేటోళ్లది గూడ బాగేం లేదు. పెట్రోల్ మిగులుతదని ముగ్గురు ఎక్కి ఘాట్ రోడ్డు ఎక్కుతున్నరు. మన్ననూర్ గేటు రాత్రి 9కి మూస్తరు కాబట్టి తిరుగు తొవ్వల ఆ మలుపుల్ల ఉరుకులాట. తమ్మీ, 100 రూపాయల పెట్రోల్ కోసం గిది అవసరమా?

ఆర్టీసీ బస్సు ఉన్నది కదా అంటరు. 2022 ఏప్రిల్‌ల వాళ్లు గూడ డీజిల్ సెస్సు ఏసిన్రు, పల్లెవెలుగుకు 2, ఎక్స్‌ప్రెస్‌కు 5 రూపాయలు. అయినా శ్రీశైలానికి బస్సే అగ్గువ, దేవుని కాడికైతే బస్సుల పోవచ్చు. టెంట్, పొయ్యి, బియ్యం మోసుకొని నీళ్ల ఒడ్డుకు పోయేటోనికి బస్సు పనికి రాదు.

నీళ్ల ఒడ్డు అంటే మళ్ల వైజాగ్ కాలనీ యాదికొస్తది. సాగర్ డ్యాం నీళ్లు నిలిచినంక విశాఖ దిక్కు నుంచి వచ్చిన చేపలు పట్టేటోళ్లు అక్కడ ఉండిపోయిన్రు, పేరు అట్లనే పడ్డది. ఇయ్యాల వాళ్ల బతుకుల చేపలు పట్టుడు ఎంతనో, ఆదివారం వచ్చేటోళ్లకు చేపలు వేయించి పెట్టుడు, పడవల ఏలేశ్వరం గుట్ట దిక్కు తిప్పుడు గూడ అంతనే. ఇంజన్ పడవకు గూడ నూనె కావాలె, చేపలు వేయించే నూనె గూడ 2022ల ఉక్రెయిన్ లడాయి తోని మండింది. కార్లల్ల వచ్చే హైదరాబాదోళ్లు ఎట్లైనా వస్తరు. కాని వాళ్లొచ్చేది శని, ఆదివారాలే. నడుమల వారంల పోయేది మన చుట్టుపక్కల మండలాల పోరగాళ్లు. వాళ్లు ఆగితే ఆ ఐదు రోజులు పెనం ఎక్కదు.

కేరళ సర్కారు 2021ల 'కేరవాన్ కేరళ' అని పెట్టింది, మంచాలున్న బండ్లల్ల టూరిస్టులను తిప్పుతదట. మనోళ్లు గూడ రేపు అట్లనే అంటరేమో. నవ్వొస్తది నాకు. మన దేవరకొండ తండాల లంబాడీల తాతముత్తాతలు ఎడ్ల బిడారుల మీద ఉప్పు, ధాన్యం ఏసుకొని దక్కన్ అంత తిరిగిన్రు. పొద్దుగూకిన కాడ గుడారం, తెల్లారితే పయనం. హైదరాబాద్‌ల కార్వాన్ అనే బస్తీకి పేరు అసొంటి బిడారుల తోనే వచ్చింది. వాళ్ల బండికి నూనె గడ్డే, గడ్డికి వ్యాట్ లేదు. ఆ తండాల మనుమలే ఇయ్యాల నగరంల ఆటోలు నడుపుతూ, పండుగకు ఊరికి రావాలన్నా కిలోమీటర్లు లెక్కపెట్టుకుంటున్నరు.

నేను అడిగేది పెద్దదేం కాదు. ధర లేస్తే ఊకెనే పెరిగే వ్యాట్‌ను లీటర్‌కు ఇన్ని రూపాయలని ఆపొచ్చు. కేరళకు, కర్ణాటకకు పోయి చదువుకొని రావల్సిన పని లేదు, ఒక్క జీవో చాలు. 2022ల పెరిగిన ఆ 2 రూపాయల 90 పైసలు వాపస్ ఇచ్చుంటే డ్యూటీకి పోయే పిలగానికి నెలకు 58 రూపాయలు మిగిలేటియి. వైజాగ్ కాలనీకి పోయి రానీకె చాలకపోయేటియి గాని, పోయే తొవ్వల సగం దూరం బండి నడిచేది.