శుభం కార్డు ఎప్పుడు వేయాలి?

బాలానగర్ మెట్రో స్టేషన్‌లో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీలో దిగేసరికి ఒక ఎపిసోడ్ అయిపోతుంది. బాలానగర్‌లో ఉండే ఓ సాఫ్ట్‌వేర్ అమ్మాయి లెక్క ఇది. చెవుల్లో ఇయర్‌ఫోన్లు, చేతిలో ఫోను, ఫోన్లో జపాన్ బొమ్మల కథ. అదే... పిల్లలు 'యానిమే' అంటుంటారే, అది. రాత్రి ఇంటికొచ్చి అన్నం తిన్నాక ఇంకొకటి. అప్పుడు మాత్రం పక్కన నానమ్మ ఉంటుంది. తన సీరియల్ అయిపోయినా ఆవిడకు నిద్ర పట్టదు మరి. జపాన్ మాట అర్థం కాదు, కింద పడే ఇంగ్లిష్ అక్షరాలు చదవలేదు. మనవరాలు చెబుతుంటే వింటుంది. వారం రోజులు ఓపిక పట్టి, ఓ రాత్రి అడిగేసింది.

''పిలగాడు మంచోడే. పిల్ల గూడ మంచిదే. ఇద్దరికీ ఇష్టమే గదా. మరి చెప్పడేందే?''

''పన్నెండో ఎపిసోడ్‌ల చెప్తడు నానమ్మా.''

''చెప్పినంక?''

''ఇంకేముంది... అయిపోతది.''

''గదేంది! అసలు కథ అప్పుడే గదా షురువయ్యేది!''

పెద్దావిడ మాట అలవోకగా అనేసింది కానీ, టోక్యో నుంచి ఫిల్మ్‌నగర్ దాకా ప్రేమకథలు రాసే వాళ్లందరినీ తిప్పలు పెట్టే ప్రశ్న అది. నవ్విస్తూ నడిచే ప్రేమకథను ఎక్కడ ఆపాలి? మనసులో మాట బయటపడగానేనా? మూడు ముళ్లు పడ్డాకా? లేదంటే ఆ తర్వాత ఇంకొంచెం దూరం వెళ్లాలా?

మన సినిమాకు ఈ విషయంలో పెద్దగా అనుమానాలు ఉండేవి కావు. పెళ్లి పందిరి, అక్షింతలు, అందరూ కలిసి ఓ ఫొటో, పైన 'శుభం'. ఆ అక్షరాలు పడకముందే బాలానగర్ విమల్ లాంటి సింగిల్ స్క్రీన్ హాళ్లలో సగం జనం లేచి నిలబడేవారు. స్టాండులో స్కూటరు ముందుగా తీసుకోవాలన్న తొందర! ఆ పెళ్లి ఫొటోలో చూడాల్సిందేమీ మిగల్లేదని ప్రేక్షకుడికి ముందే తెలుసన్నమాట.

అయితే మంచి కథలు అప్పుడు కూడా పెళ్లిని నమ్ముకుని నడవలేదు. 1955లో వచ్చిన 'మిస్సమ్మ'నే తీసుకోండి. అప్పాపురంలో టీచరు ఉద్యోగాలు భార్యాభర్తలకే ఇస్తారు. అందుకని ముక్కూమొహం తెలియని ఇద్దరు, పైగా వేర్వేరు మతాల వాళ్లు, మొగుడూ పెళ్లాలుగా నటిస్తారు. ఎన్టీఆర్, సావిత్రి చీటికీమాటికీ పోట్లాడుకుంటుంటే చూసేవాళ్లకు నవ్వే నవ్వు. ఆ నవ్వంతా పుట్టింది నటనలోంచే కాబట్టి, నటన అవసరం తీరిన చోటే కథ కూడా ఆగింది. మేరీ ఎవరో కాదు, జమీందారు గారి తప్పిపోయిన కూతురే అని తేలడంతో మతం చిక్కు కూడా విడిపోయింది. రచయితలు ఆ ముడి విప్పారో, తప్పించుకున్నారో అన్నది వేరే చర్చ!

సరిగ్గా ఇదే సరుకు మీద ఇప్పుడు జపాన్‌లో 'స్పై ఫ్యామిలీ' నడుస్తోంది. ఒక గూఢచారి, ఒక కిరాయి హంతకురాలు, మనసులోని మాటలు వినగలిగే ఓ చిన్న పాప. ముగ్గురూ కుటుంబంగా నటిస్తుంటారు. 2022లో యానిమేగా మొదలైంది, 2025లో మూడో భాగం వచ్చింది. ఆ మొగుడికీ పెళ్లానికీ ఒకరి రహస్యం ఒకరికి తెలియనంత కాలమే నవ్వు. తెలిసిన రోజున దుకాణం కట్టేయాలి. అందుకే తెలియనివ్వరు. మన వాళ్లు దాదాపు మూడు గంటల్లో తేల్చేసిన లెక్క అక్కడ ఏళ్ల తరబడి సాగుతోంది.

ఎందుకలా? అందులో ప్రేమకంటే వ్యాపారం పాలు ఎక్కువ. జపాన్‌లో ఇలాంటి కథలు చాలావరకు ముందు పత్రికల్లో బొమ్మల సీరియళ్లుగా వస్తాయి. వాటినే 'మాంగా' అంటారు. 'షోనెన్ జంప్' లాంటి వారపత్రికల్లో పాఠకులు కార్డులు రాసి పంపుతారు, ఈ వారం ఏ కథ నచ్చిందీ అని. ఓట్లు తగ్గితే కథను తొందరగా ముగించాల్సిందే. ఓట్లు బాగుంటే, ముగించాలని రచయితకు ఉన్నా పత్రికకు ఉండదు. ఇక యానిమే తీసేనాటికి చాలాసార్లు అసలు కథ పూర్తయి ఉండదు. ఒక విడతకు దొరికేది పన్నెండో పదమూడో ఎపిసోడ్లు. కథలో ఎక్కడిదాకా వస్తే అక్కడ ఆపేసి, 'మిగతాది పుస్తకం కొని చదువుకోండి' అన్నట్టు నమస్కారం పెట్టేస్తారు. వారపత్రికల్లో నవలలు చదివి పెరిగిన మన అమ్మమ్మలకు ఇది కొత్తేమీ కాదు. 'సశేషం' అన్న మాటను తిట్టుకోని ఇల్లాలు ఆ రోజుల్లో ఉండేదా?

ఇప్పుడా తిట్లు టీవీకి బదిలీ అయ్యాయి. 'కార్తీక దీపం' సంగతే చూడండి. 2017 అక్టోబరులో స్టార్ మాలో మొదలై 2023 జనవరిలో ముగిసింది. పదిహేను వందల ఎపిసోడ్లు దాటాయి. డాక్టర్ బాబుకు వంటలక్క మీద ఒక అనుమానం... తనకు పిల్లలు పుట్టరనుకున్నాడు, మరి ఈమె కడుపులో బిడ్డ ఎవరిది అని. 'డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఒక్కరోజులో తేలిపోతుంది కదయ్యా, నువ్వే డాక్టరువి కదా!' అని తెలుగు రాష్ట్రాల్లో నవ్వుకోని ఇల్లు లేదు. నవ్వుకుంటూనే చూశారు. ప్రతి గురువారం వచ్చే రేటింగులు చూశాక ఆ పరీక్ష చేయించే ధైర్యం ఎవరికుంటుంది? 2022లో కథను తర్వాతి తరానికి మళ్లించాలని ఆ ఇద్దరినీ ప్రమాదంలో చంపేశారు. జనం ఊరుకోలేదు. కొన్ని నెలలకే ఇద్దరూ బతికొచ్చారు! అదీ చాలక 2024లో అదే జంటతో, అదే పేరుతో, ఇంకో కథ. ముగింపు చెప్పమని పోరు పెట్టేదీ మనమే, ముగిస్తే ఒప్పుకోనిదీ మనమే.

ఆ అలవాటు జపాన్‌లోనూ ఉంది. రుమికో తకహాషి అని ఒక రచయిత్రి. ఆవిడ రాసిన 'రన్మా' 1987 నుంచి 1996 దాకా, 38 పుస్తకాలు నడిచింది. చివరి అధ్యాయంలో పెళ్లి ఏర్పాట్లు జరుగుతాయి. అందరూ వచ్చి రభస చేసి పెళ్లి చెడగొడతారు. అంతే, కథ సమాప్తం! అంటే హీరోహీరోయిన్లు రేపు కూడా ఇలాగే కొట్టుకుంటూ ఉంటారని. కొందరికి అది ముచ్చటగా ఉంటుంది. తొమ్మిదేళ్లు ఎదురుచూసిన వాళ్లకు మాత్రం ఒళ్లు మండుతుంది.

విచిత్రం ఏమిటంటే, ప్రేమకథను ఎక్కడ ముగించాలో తెలుసుకోవాలంటే చదవాల్సింది కూడా ఆవిడ కథే. పేరు 'మెజోన్ ఇక్కొకు'. పుస్తకంగా 1980 నుంచి 1987 దాకా, యానిమేగా 1986 నుంచి 1988 దాకా 96 ఎపిసోడ్లు వచ్చింది. పాతబడిన ఓ అద్దె ఇల్లు. దాన్ని చూసుకోవడానికి ఒక మేనేజరమ్మ వస్తుంది. పేరు క్యోకో. చిన్న వయసు. అందులో ఓ గదిలో ఉండే కుర్రాడు గొదాయి ఆమెను చూసి మనసు పారేసుకుంటాడు. అతడు యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష తప్పినవాడు. చేతిలో పైసా లేదు. పక్క గదుల వాళ్లు అతడి గదిలోనే తాగి గోల చేస్తుంటే చదువూ సాగదు. ఇదంతా నవ్వులాటే. కానీ ఆ మేనేజరమ్మ వితంతువు. పెళ్లయిన కొన్నాళ్లకే భర్త పోయాడు. పెంచుకునే కుక్కకు కూడా ఆ భర్త పేరే.

ఇక్కడ ఓ క్షణం ఆగాలి. మొదటి పుస్తకంలోనే వాడు 'ప్రేమిస్తున్నా' అన్నాడనుకోండి, ఆమె 'సరే' అందనుకోండి... ఏమవుతుంది? ఉద్యోగం లేని పిల్లాడు, భర్త జ్ఞాపకం నుంచి బయటపడని స్త్రీ. ఆ పెళ్లి నిలబడుతుందని ఎవరు నమ్ముతారు? అందుకే ఏడేళ్లు పట్టింది. ఆ ఏళ్లలో వాడు కాలేజీలో చేరాడు, గట్టెక్కాడు, ఉద్యోగం రాక తిరిగాడు, చివరికి చిన్నపిల్లలను చూసుకునే బడిలో టీచరయ్యాడు. ఆమె కూడా మారింది. పోయినవాడిని మరిచిపోవడానికి కాదు ఆ ఏళ్లు... మరిచిపోకుండానే ఇంకొకరికి చోటివ్వవచ్చని తెలుసుకోవడానికి. గొదాయి ఆమె భర్త సమాధి దగ్గరకు వెళ్లి, ఆ జ్ఞాపకాలతో సహా ఆమెను తన ఇంటికి తీసుకెళ్తానని విన్నవించుకుంటాడు. పెళ్లికి ముందు ఆమె పెట్టే షరతు ఒక్కటే. నాకంటే ఒక్కరోజైనా ఎక్కువ బతకాలి, మళ్లీ ఒంటరిగా మిగలడం నా వల్ల కాదు అని.

పసుపు కుంకుమలతోనే పోవాలని మొక్కుకునే ఆడవాళ్లున్న నేల మనది. ఈ షరతు అర్థం కావడానికి మనకు ఇంగ్లిష్ అక్షరాలు అక్కర్లేదు.

ఆ కథ చివర్లో పెళ్లి ఉంది. పుట్టిన పాపను ఎత్తుకుని అదే ఇంటికి రావడం కూడా ఉంది. అయినా 'సాగదీశారు' అనిపించదు. అడ్డుగా ఉన్నవి మాట చెప్పలేని మొహమాటాలు మాత్రమే అయితే ఎపిసోడ్ పన్నెండుకే చెప్పించి పంపేయొచ్చు. అడ్డుగా ఉన్నది దుఃఖం అయినప్పుడు, బతుకుతెరువు అయినప్పుడు, అది తీరేదాకా కథకు సెలవు దొరకదు.

మన 'బొమ్మరిల్లు'ను ఈ కళ్లతో మళ్లీ చూస్తే బాగుంటుంది. 2006లో వచ్చిన ఆ సినిమాలో సిద్ధు, హాసిని ఒకరికొకరు ఇష్టమని మనకు విశ్రాంతి నాటికే తెలిసిపోతుంది. మామూలు లెక్కలో అక్కడికి ప్రేమకథ అయిపోయినట్టే. కానీ సిద్ధుకు అడ్డం హాసిని కాదు, నాన్న. చొక్కా దగ్గర్నుంచి పెళ్లికూతురి దాకా అన్నీ తానే ఎంచి పెట్టే మంచి నాన్న! ఆ నాన్నకు ఎదురుగా నిలబడి కొడుకు మనసు విప్పే ఘట్టం దగ్గర గానీ కథ తీరలేదు. జనానికి ఇప్పటికీ గుర్తున్నది కూడా ఆ ఘట్టమే. దర్శకుడు అప్పుడు కూడా హడావిడిగా తాళి కట్టించలేదు. ఈసారి వారం రోజులు అబ్బాయే అమ్మాయి ఇంట్లో ఉండి మెప్పించాలన్నాడు. గడుసు ముగింపు!

పెళ్లయ్యాక కథ మొదలుపెట్టడం మనకు అంతకంటే పాత విద్య. 1958లో కె.వి.రెడ్డి తీసిన 'పెళ్లినాటి ప్రమాణాలు' చూసిన పెద్దవాళ్లను అడగండి. అక్కినేని, జమున ప్రేమించుకుంటారు, పెళ్లీ చేసుకుంటారు. ఇంకొకరైతే అక్కడ శుభం వేసేవారు. ఆయన వేయలేదు. ఏళ్లు గడుస్తాయి, పిల్లలు పుడతారు, ఇల్లాలు సంసారంలో మునిగిపోతుంది, మొగుడి చూపు ఆఫీసులో ఇంకో అమ్మాయి మీద పడుతుంది. పందిట్లో చేసిన ప్రమాణాల విలువ తేలేది అప్పుడు కదా మరి.

యానిమే వాళ్లు ఈ మధ్య ఆ దారి పడుతున్నారు. 2021లో వచ్చిన 'హోరిమియా'లో పదమూడు ఎపిసోడ్లుంటే, మనసు విప్పుకోవడం మొదటి సగంలోనే అయిపోతుంది. మిగతాదంతా ఇద్దరూ ఒకరికొకరు అలవాటు పడటమే. 'కిమి ని తొదొకె' అయితే 2011లో రెండో భాగంతో ఆగి, మూడోది 2024లో వచ్చింది. పదమూడేళ్ల విరామం! బడిలో చూసిన పిల్లలు ఉద్యోగాలకు వచ్చేశారు. ఆ మూడో భాగంలో ఉన్నదేమిటి? ప్రేమించుకున్నామని తేలిపోయిన ఇద్దరు, ఇక ఏం చేయాలో తెలియక ఇబ్బంది పడటం. చప్పగా ఉందన్న వాళ్లూ ఉన్నారు. పెళ్లయిన కొత్తలో ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా గొంతు పెగలని వాళ్లకు మాత్రం చప్పగా అనిపించదు.

ఇంతకంటే సులువైన దారి డోరేమాన్‌ది. ఎదిగాక నోబిటా షిజుకాను పెళ్లాడతాడని మన పిల్లలందరికీ తెలుసు. ముగింపు ముందే చెప్పేసి, వాడు మాత్రం ఇంకా సున్నా మార్కులు తెచ్చుకుంటూనే ఉంటాడు. 2014లో, 2020లో వచ్చిన 'స్టాండ్ బై మీ డోరేమాన్' సినిమాల్లో ఆ పెళ్లి ముచ్చట కూడా తీర్చారు. మరునాడు టీవీలో వాడు మళ్లీ ఐదో తరగతే!

బాలానగర్ ఇంట్లో ఈ చర్చ వేరే దారి పట్టింది. లేతు షాపు నుంచి వచ్చిన తండ్రి చెప్పులు విడుస్తూ, ''బొమ్మలకు పెళ్లిళ్లు తర్వాత చేద్దురు గానీ, ఆదివారం వచ్చేటోళ్లకు ఏం చెప్పాలే?'' అన్నాడు. సంబంధం వాళ్లు. అమ్మాయి ఫోన్ పక్కన పెట్టింది. ''ఒక్కసారి మాట్లాడితే ఏం తెలుస్తది నాన్నా? నాలుగైదు సార్లు మాట్లాడనియ్యి'' అంది. తండ్రి తల్లి వైపు చూశాడు. ఆవిడ కొడుకును పట్టించుకోకుండా ఫోన్ అందుకుని మనవరాలి చేతిలో పెట్టింది.

జపాన్‌లో ఒకరినొకరు ఇంటిపేరుతో పిలుచుకోవడం మర్యాద. అసలు పేరుతో పిలవాలంటే ఎంతో చనువుండాలి. ఇలాంటి కథల్లో ఆ పిలుపు కోసం ఎపిసోడ్లకు ఎపిసోడ్లు గడిచిపోతాయి. ఆ రాత్రి చూస్తున్న కథలోనూ అదే జరుగుతోంది. అమ్మాయి నోరు తెరుస్తుంది, మూస్తుంది, ఎర్రబడుతుంది. మనవరాలు విసుక్కుంది.

''పేరు పెట్టి పిలవనీకి ఇంతసేపా?''

''ఊకో బిడ్డా. మీ తాతను నేను యాభై ఏండ్లల్ల ఒక్కనాడన్న పేరు పెట్టి పిలిస్తినా?'' అంది నానమ్మ. కాసేపాగి మళ్లీ తనే, ''ఆపకు. పిలుస్తదేమో చూద్దాం'' అంది.