మంచి కాలే నమూనా! మరి రెండూ వంగితే?

విద్యార్థులారా! మన ఈపురుపాలెం మగ్గం మీద నేసిన చీరను ఒకసారి పరిచి చూడండి. కుడి అంచు, ఎడమ అంచు ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబంలా ఉంటాయి. ఒక అంచు పాడైతే అది మొదట ఎలా ఉండేదో రెండో అంచు చెబుతుంది. కుడిని ఎడమగా మార్చుకుంటే సరి!

ఎముకల డాక్టర్లు ఇదే ఉపాయం వాడుతున్నారు. ఒకరికి మోకాలి కింది ఎముక విరిగి, వంకరగా అతుక్కుందనుకోండి. అప్పుడు శరీరం బరువు మోకాలిలో ఒక పక్కనే ఎక్కువగా పడి, అక్కడి మృదులాస్థి త్వరగా అరుగుతుంది. ఎముకను మళ్ళీ కోసి సరిచేయాలి. ఎక్కడ కోయాలి? ఎన్ని డిగ్రీలు తిప్పాలి? విరగక ముందు ఆ కాలిని ఎవరూ కొలిచి పెట్టుకోలేదు కదా! అందుకని రెండో కాలిని అడుగుతారు.

ఎలా అడుగుతారు? 1895లో రాంట్జెన్ కనిపెట్టిన ఎక్స్-రేలు ఎముక నీడను చూపుతాయి. నీడలో లోతు తెలియదు. ఎముక మెలి తిరిగిందేమో తేల్చడం కష్టం. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డ్ తయారుచేసిన యంత్రంతో తొలిసారి ఒక రోగికి సి.టి. స్కాను తీశారు. దీనికి కావలసిన గణితాన్ని అంతకుముందే ఆలోచించిన కార్మాక్‌తో కలిసి ఆయన 1979లో నోబెల్ బహుమతి పొందాడు. అరటి దూటను చక్రాలుగా తరిగినట్లు, ఈ స్కాను కాలిని పొరలు పొరలుగా చూపుతుంది. కంప్యూటరు ఆ పొరలను దొంతరగా పేర్చి నిండు ఎముక బొమ్మ కడుతుంది. మంచి కాలి బొమ్మను అద్దంలోలాగా తిప్పి, దెబ్బతిన్న కాలి బొమ్మ మీద ఉంచుతారు. తేడా ఎక్కడుందో, ఎంత ఉందో తెలిసిపోతుంది. మీరు చదివే ద్విపార్శ్వ సౌష్ఠవం మార్కుల కోసమే కాదని గ్రహించారా?

ఇది మంచి ఉపాయమే. కాని గుడ్డిగా నమ్మదగినది కాదని నా అభిప్రాయం. ఎవరి రెండు కాళ్ళూ అచ్చంగా ఒకటి కావు. పొడవులో, మెలికలో కొద్దిపాటి తేడా మామూలే. రెండు మోకాళ్ళూ అరిగిపోయిన ముసలివారిలో ఒక కాలు రెండోదానికి నమూనా కాలేదు.

ఇంతకంటె పెద్ద చిక్కు మనకు పడమటనే ఉంది. 1937లో షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో, అంటే ఇప్పటి పొదిలి, కనిగిరి వైపు, నీటిలోని ఫ్లోరైడు వల్ల ఎముకలకు వచ్చే జబ్బును గుర్తించారు. 1973లో హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు, ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న ప్రాంతంలో మోకాళ్ళు లోపలికి ఒరిగిపోయిన వారిని గురించి 'లాన్సెట్' పత్రికలో రాశారు.

ఆ నీరు ఒక కాలిని పట్టి రెండో కాలిని వదలదు. రెండూ వంగితే ఏ కాలి బొమ్మను తిప్పి ఏ కాలి మీద ఉంచాలి? డాక్టరు అంతటితో ఆగడు. తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీత గీసి, అది మోకాలి మధ్యకు ఎంత దగ్గరగా పోతుందో చూస్తాడు. ఆరోగ్యవంతుల సగటు కొలతలతో పోల్చుకుంటాడు. పని జరుగుతుంది. కాని సగటు అనేది పదిమందిది. ఆ మనిషి సొంత కాలి కొలత మాత్రం ఎప్పటికీ దొరకదు.

ప్రయోగంలో ఒక మొక్కను ఎండలో, ఒక మొక్కను చీకట్లో ఉంచి పోలుస్తాం. రెండిటికీ ముందే తెగులు పట్టి ఉంటే ఆ ప్రయోగం ఏం చెబుతుంది? యంత్రం ఎంత ఖరీదైనదైనా సరే, పోలికకు పెట్టుకున్నది మంచిదేనా అని అడగవలసింది మనిషే.

అందుకే నేననేది ఇది: కాళ్ళు వంగాక తీసే స్కాను కంటె, వంగక ముందు చేసే నీటి పరీక్ష మేలు. లీటరు తాగునీటిలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. మీ ఊరి బోరు నీటిలో ఎంత ఉంది? మీ సైన్సు మాస్టారితో కలిసి పంచాయతీకి వెళ్ళి ఆ అంకె అడగండి. తెలిసిన అంకెను బడి గోడ మీద అందరికీ కనబడేలా రాయండి.