ఈ-రీడర్ చెడిపోలేదు, రూటర్ మారిందంతే!

సంక్రాంతికి ఖమ్మం వెళ్తే నాన్న ఈ-రీడర్ టీవీ పక్కన దుమ్ము పట్టి కనిపించింది. రోజూ రాత్రి అది చదవనిదే నిద్రపోని మనిషి. పుస్తకాల్లో చిన్న అక్షరాలు ఆనడం లేదంటే, సైజు పెంచుకుని చదువుకోవచ్చని డాలస్ నుంచి అక్క పంపింది. కొత్త పుస్తకాలు కూడా అక్కే అక్కడి నుంచి ఆయన అకౌంట్‌కి పంపిస్తుంది.

"ఏమైంది నాన్నా?" అన్నా.

"వైఫై రావట్లేదు రా. నేనే ఏదో నొక్కేసినట్టున్నాను. పోనీలే, ఉన్నవన్నీ చదివేశాగా" అన్నారు. మూడు నెలలుగా ఇదే పరిస్థితి. నాకు ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఆయనేం నొక్కలేదు. నొక్కింది నేను. దసరాకి వచ్చినప్పుడు కొత్త ఫైబర్ కనెక్షన్ పెట్టించా. వైఫై పేరు, పాస్‌వర్డ్ పాతవే ఉంచి, సెక్యూరిటీ ఎక్కువ కదా అని రూటర్‌లో డబ్ల్యూపీఏ3 పెట్టేసి, ఏదో ఘనకార్యం చేసినట్టు హైదరాబాద్ బస్సెక్కా. ఫోన్లు, లాప్‌టాప్ చక్కగా పట్టుకున్నాయి. ఈ-రీడర్ సంగతి గుర్తే రాలేదు.

ఇది ఏ కంపెనీ డివైజ్ అన్నది ఇక్కడ అనవసరం. నా కోపమంతా దాని స్క్రీన్ మీద వచ్చే ఆ ఒక్క మెసేజ్ మీదే. కనెక్ట్ కాలేదు, మళ్ళీ ప్రయత్నించండి. ఎన్నిసార్లు ప్రయత్నించాలి? పాస్‌వర్డ్ తప్పా, సెక్యూరిటీ పద్ధతి కుదరలేదా, రూటరే పలకలేదా అన్నది చాలావరకు లోపలి సాఫ్ట్‌వేర్‌కి తెలుస్తుంది. అది మనకి చెప్పడానికి ఇంకో లైన్ రాస్తే ఏం పోతుంది? ఆ లైన్ లేకే ఒక రిటైర్డ్ లెక్చరర్ మూడు నెలలు తప్పు తనదే అనుకున్నారు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఫ్యాక్టరీ రీసెట్ చేయమన్నారు. దయచేసి మొదటే ఆ పని చేయకండి. రీసెట్ చేస్తే లోపల ఉన్న పుస్తకాలు, అకౌంట్ రెండూ పోతాయి. మళ్ళీ లాగిన్ అవ్వాలంటే వైఫై కావాలి. అసలు సమస్యే వైఫై కదా!

నేనైతే ముందు ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేశా. ఇక్కడో చిన్న మెలిక ఉంది. హాట్‌స్పాట్ బ్యాండ్ 2.4 గిగాహెర్ట్జ్‌లో ఉండాలి, 5లో ఉంటే చాలా పాత ఈ-రీడర్లకి అది కనిపించదు. ఐఫోన్‌లో అయితే కంపాటిబిలిటీ పెంచే ఆప్షన్ ఆన్ చేస్తే సరిపోతుంది. నాన్న డివైజ్ వెంటనే కనెక్ట్ అయింది. అంటే డివైజ్ బాగానే ఉంది, గొడవ రూటర్‌తోనే. ఈ రెండు నిమిషాల టెస్ట్ ముందే చేసి ఉంటే అరగంట రీస్టార్ట్‌లు తప్పేవి.

ఆ తర్వాత గమనించాల్సింది, కనెక్షన్ ఎక్కడ ఆగిపోతోంది అన్నది. లిస్ట్‌లో మీ వైఫై పేరే లేకపోతే బ్యాండ్ లేదా ఛానల్ మీద అనుమానపడండి. పేరు కనిపించి, కరెక్ట్ పాస్‌వర్డ్ కొట్టినా తీసుకోకపోతే సెక్యూరిటీ సెట్టింగ్ చూడండి. కనెక్ట్ అయినా పుస్తకాలు దిగకపోతే తేదీ, టైమ్ చూడండి. ఛార్జింగ్ పూర్తిగా అయిపోయి చాలా రోజులు పడుంటే గడియారం తప్పిపోవచ్చు, అప్పుడు సర్వర్ సర్టిఫికెట్‌ని డివైజ్ నమ్మదు.

మాది రెండోరకం. డబ్ల్యూపీఏ2 వచ్చింది 2004లో, డబ్ల్యూపీఏ3 వచ్చింది 2018లో. నాన్న డివైజ్‌కి మొదటిదే తెలుసు. రూటర్ పేజీలోకి వెళ్ళి (మా దాంట్లో 192.168.1.1, మీది రూటర్ వెనక స్టిక్కర్ మీద ఉంటుంది) డబ్ల్యూపీఏ2కి మార్చగానే పట్టేసింది. ఇంట్లో అందరి ముందూ కాలర్ ఎగరేశా.

మర్నాడు పొద్దున చూస్తే లిస్ట్‌లో వైఫై పేరే మాయం!

ఈసారి దొంగ ఛానల్. రూటర్‌లో ఛానల్ ఆటోలో ఉంది, రాత్రికి రాత్రి 13కి మారింది. మన దేశంలో 2.4 బ్యాండ్‌లో 13 దాకా వాడొచ్చు. అమెరికాలో అమ్మే డివైజ్‌లు మామూలుగా 11 దాకానే చూస్తాయి. అక్కలు, బావలు అక్కడి నుంచి తెచ్చే గాడ్జెట్లు మన ఇళ్ళల్లో ఎన్ని ఉంటాయో నేను చెప్పక్కర్లేదు. ఛానల్‌ని 6లో ఫిక్స్ చేశా. 1, 6, 11లో పక్కింటివాళ్ళ రద్దీ తక్కువున్నది ఏదైనా పర్లేదు.

సెక్యూరిటీ తగ్గించడం నాకూ నచ్చలేదు. అందుకే మెయిన్ నెట్‌వర్క్‌ని మళ్ళీ డబ్ల్యూపీఏ3కి మార్చేసి, 2.4లో డబ్ల్యూపీఏ2తో గెస్ట్ నెట్‌వర్క్ ఒకటి పెట్టి ఈ-రీడర్‌ని దానికి కలిపా. చాలా రూటర్లలో ఈ సౌకర్యం ఉంటుంది.

ఈ-రీడర్‌లో 5 గిగాహెర్ట్జ్ లేకపోవడాన్ని నేను తప్పు పట్టను. ఒకటి రెండు ఎంబీల నవలకి అంత స్పీడ్ ఎందుకు? పైగా 2.4 సిగ్నల్ గోడలు దాటి బెడ్‌రూమ్ దాకా బాగా వస్తుంది. కానీ ఆ ముక్క బాక్స్ మీద పెద్దక్షరాల్లో రాయండి. రూటర్ కంపెనీలు కూడా డబ్ల్యూపీఏ3 నొక్కేటప్పుడు పాత డివైజ్‌లు కనెక్ట్ కాకపోవచ్చని ఒక్క హెచ్చరిక చూపించండి. కేబుల్ దారులు ఒక్కోటీ మూసుకుపోతున్నప్పుడు ఇది ఇంకా ముఖ్యం. కొన్న పుస్తకాన్ని కంప్యూటర్‌లోకి దించుకుని యూఎస్‌బీతో కిండిల్‌లోకి ఎక్కించుకునే ఆప్షన్‌ని అమెజాన్ 2025 ఫిబ్రవరి 26న తీసేసింది. మన సొంత ఫైల్స్‌కి కేబుల్ ఇంకా పనిచేస్తుంది, కొన్నవాటికి మాత్రం చాలావరకు వైఫైయే దారి.

రివ్యూలు రాసే మేమూ తక్కువేం కాదు. 300 పీపీఐ, వారాల బ్యాటరీ, వాటర్‌ప్రూఫ్ అని పేజీలు నింపుతాం. వైఫై బ్యాండ్, సెక్యూరిటీ స్పెక్ టేబుల్ చివర్లో ఉంటాయి, ఒక్కోసారి అవీ ఉండవు. ఇకమీదట నేను రాసే ప్రతి ఈ-రీడర్ రివ్యూలో డబ్ల్యూపీఏ3 రూటర్‌తో టెస్ట్ చేసి రిజల్ట్ పైనే రాస్తా. రాయకపోతే కామెంట్స్‌లో నిలదీయండి.

అన్నట్టు, గెస్ట్ నెట్‌వర్క్‌కి కలపగానే అక్క దీపావళికి పంపిన నాలుగు పుస్తకాలూ ఒకదాని వెనక ఒకటి దిగాయి. నాన్న కళ్ళద్దాలు సర్దుకుని పేర్లు చూసి, "ఇందులో రెండు కాలేజీ రోజుల్లోనే చదివేశాను, వేరేవి పంపమను" అన్నారు.