పొరుగింటి పశువు, మనయింటి మొగమాటము

మన తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో ఇరుగుపొరుగులకు మాటలు లేకపోయినచో కారణమేమని యడిగి చూడుడు. గోడ సరిహద్దనియు, చూరునీరనియు, పొలముగట్టనియు మొదట చెప్పుదురు. ఇంకొకింత తరచి యడిగినచో ఆ గోడవెనుక ఒక గేదెయో, గట్టుమీద ఒక మేకయో, చూరుక్రింద ఒక కోడిపెట్టయో నిలిచియుండుట తెలియవచ్చును. ఇంత చిన్నవిషయమును గూర్చి వ్యాసము వ్రాయవలయునా యని కొందరు చదువరులు నవ్వవచ్చును. వారు తమ పెరటిలో ఒక్క యేడు కూరపాదు పెంచి చూచిన పిమ్మట మరల నవ్వుదురు గాక.

తెనాలిలో మాయింట జరిగినదే చెప్పెదను. మొన్నటి వేసవిలో నా భార్య రాత్రి మినపప్పు నానవేసి, తెల్లవారుజామున రుబ్బి, బూడిదగుమ్మడికాయ ముక్కలు కలిపి, పెరటిలో మంచముమీద పాతచీర పరచి వడియములు పెట్టినది. మధ్యాహ్నపు టెండలో పొరుగువారి వట్టిపోయిన గేదె దడి త్రోసికొని లోనికి వచ్చి, సగము వడియములు మేసి, తక్కినవానిని చీరతోకూడ క్రింద పడలాగి త్రొక్కి, పోవుచు పోవుచు బీరపాదును పందిరితోసహా పెరికివైచినది. వంటయింటినుండి పరుగెత్తుకొని వచ్చిన నా భార్య చేతిలో అప్పుడే వార్చిన గంజి యుండెను. ఆ గంజి గేదె వీపున పడినది. సాయంకాలమునకు తోలు పొంగి పుండైనది. పొరుగింటి యిల్లాలు దానిని చూచి కంటతడి పెట్టి, “నోరులేని జీవాన్ని ఇట్లా కాలుస్తారా వదినగారూ?” అనినది. “నోరు లేకపోతే మా వడియాలు ఏ నోటితో తిన్నదండీ?” అని మా ఆవిడ బదులు చెప్పినది. ఇద్దరును నిజమే పలికిరి. ఒకరి శ్రమ మంటగలిసినది. ఒకరి పశువునకు గాయమైనది. ఇంత జరుగుచుండగా గేదె యజమానుడు తన యరుగుమీద పడకకుర్చీలో కూర్చుండి వార్తాపత్రిక చదువుచుండెను. నేనును మా యరుగుమీద అదే పని చేయుచుంటిని.

ఆ గేదె మా దడిలో దూరుట అది మొదటిమారు కాదు. మూడు నెలలుగా నేను చూచుచునే యుంటిని. ప్రతిదినము సాయంకాలము ఆయనతో కాలువగట్టున షికారు నడచుచు, దేశకాలములన్నియు ముచ్చటించుచు, గేదెమాట మాత్రము ఎత్తకుంటిని. పెద్దమనిషి, ఏమనుకొనునోయని మొగమాటము. ఆ మూడు నెలల మొగమాటమే తుదకు గంజియై గేదె వీపున పడినది. కాగా ఈ వ్యాసమున నేను నిందింపబోవువారిలో నేనును ఒకడనని చదువరులు గ్రహింతురు గాక.

పశువును కట్టక వదలుటను మనవారు భూతదయగా నెంచుచున్నారు. “పాపం, కాస్త తిరిగివస్తుంది లెండి” యని యందురు. ఈ దయ యేపాటిదో పరీక్షింతము. పాలిచ్చు గేదెను ఎవడైన వీధిలోనికి వదలునా? దానికి గుంజయు, పలుపును, తవుడును, కుడితియు, దోమతెరయు గూడ నమరును. వట్టిపోయిన మరునాడే దానికి స్వేచ్ఛమీద మక్కువ పుట్టినదని యజమానునికి తోచును! పందెపు పుంజును చూడుడు. దాని కాలికి త్రాడుకట్టి, జీడిపప్పు తినిపించి, రాత్రులు లేచి లేచి చూచుకొను మనుజుడే తన కోడిపెట్టలను పొరుగువాని నారుమడిలోనికి వదలును. కట్టుట తెలియనివాడు కాడు. విలువగలదానిని కట్టును, విలువ తరిగినదాని పోషణభారమును పొరుగువానిమీద వైచును. పొరుగువాని ఖర్చుతో చేయు దయకు మరియొక పేరున్నది. మర్యాదకొరకు దానిని వ్రాయకున్నాను. 2019 సంవత్సరపు పశుగణనములో దేశమున యజమానులులేక తిరుగు పశువులు 50 లక్షలకు పైగా లెక్కకు వచ్చినవి. ఇవి ఆకాశమునుండి ఊడిపడినవి కావు. ప్రతి పశువునకును ఒకప్పుడొక గుంజ యుండెను. ట్రాక్టరు వచ్చినపిమ్మట కోడెదూడకు పనిలేకపోయినది. పనిలేనిదానికి పలుపును లేకపోయినది.

ఈ యాచారమునకు మతమును తోడు తెచ్చువారును గలరు. పితరుల సద్గతికని కోడెకు ముద్రవేసి ఊరిమీదికి వదలుట వృషోత్సర్జనమని పెద్దలు చెప్పిరి. దానినుండియే “అచ్చోసిన ఆంబోతు” అను మాట మన భాషలో నిలిచినది. పుణ్యకార్యమునకు పుట్టిన మాట నేడు తిట్టుగా వాడబడుచున్నదనిన, ఆ పుణ్యము ఊరివారికెట్లు ముట్టినదో వేరుగ చెప్పనక్కరలేదు. మనుస్మృతి ఎనిమిదవ యధ్యాయమున ఇట్టి వృషభమునకును, ఈని పదిదినములు దాటని యావునకును దండన లేదన్నమాట నిజమే. దీనిని ప్రమాణముగ చూపువారు పై శ్లోకములను గూడ చదువవలెను. ఊరిచుట్టును నూరు ధనువుల మేర, పట్టణముచుట్టును దానికి మూడింతలు, పశువులకు బయలు విడువుమని అందే కలదు. ఆ బయలుదాపున వేసిన చేనికి ఒంటె తల యెత్తి చూడలేనంత ఎత్తున, కుక్కయు పందియు మూతి దూర్చు సందు లేకుండ, కంచె కట్టుమని కలదు. ఇతరుల చేలు మేసినచో పశువునకింతయని దండుగయు, అదిగాక నష్టపడిన పైరు విలువ చేనివానికిచ్చుటయు విధింపబడినవి. బయలు విడువక, కంచె వేయక, నష్టమీయక, ఆంబోతు నొక్కదానిని మాత్రము శాస్త్రోక్తముగ వదలుట ఏటి యాచారము?

ఆ బయలుమాట కొంచెము చెప్పవలసియున్నది. మేత పోరంబోకులును మందబయళ్లును ఇప్పుడెచ్చటనున్నవి? ఇళ్లస్థలములైనవి, చెరువులైనవి, ఎవరెవరివో పొలములలో కలిసినవి. సెంటుభూమిలేని పేదరాలు ఒక్క మేకను పెంచుకొన్నచో అది ఏ గడ్డి మేయవలెను? ఆమెతో వాదించుటకు నాకు నోరాడదు. నా వాదము పాకయు, గడ్డివామియు, పాలేరును గలిగియుండియు పశువును వదలువారితో.

పట్టణములో వడియములతో పోవు నష్టము పొలములో సంవత్సరపు జీవనముతో పోవును. 1855 నాటికి బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట ముగిసి కాలువలు పారినపిమ్మట ఈ డెల్టా వరికి పుట్టినిల్లైనది. వరికోతలు కాగానే పశువులను చేలలోనికి విడిచివేయుట పాతవాడుక. మాగాణిలో రెండవపైరు లేనన్నాళ్లు అందు తప్పులేదు. ఇప్పుడో, వరికోతకు రెండుమూడు దినములు ముందే పదునున్న మడిలో మినుములు చల్లుదురు. కోతయైన పిమ్మట మోళ్లనడుమ రెండాకుల మొలక తలయెత్తును. నేలలో మిగిలిన తేమయే దానికి నీరు. అట్టి మడిలో పది పశువులు ఒక్కపూట తిరిగినచో మేసినదానికంటె త్రొక్కినది ఎక్కువ. మరల చల్లుదమన్న పదును పోయినది. రేపల్లె దిక్కున సన్నకారు కౌలుదారుడు వరిలో వచ్చినది కౌలుకిచ్చి, తన బ్రదుకును ఈ మినుములమీదనే యుంచుకొనును. వాడుక మారినది, పలుపు మాత్రము మారలేదు.

మనపూర్వులు దీనికి ఉపాయములు లేనివారు కారు. కట్టుగొయ్యను తెంచుకొని తిరుగు పశువు మెడకు వ్రేలగట్టు బరువైన కొయ్యయే గుదికొయ్య. గుదిబండ యనునదియు నదియే. నేటి పట్నవాసులు ఈ మాటను అల్లుని గూర్చియో అప్పును గూర్చియో వాడుదురు గాని యది మొదట పొరుగువాని చేనికొరకు పుట్టినది. బందెలదొడ్డియు నట్టిదే. 1871లో చేసిన పశువుల అక్రమప్రవేశ శాసనమున, చేను మేయు పశువును పట్టి ఇరువదినాలుగు గంటలలోపల బందెలదొడ్డికి తోలవచ్చుననియు, దండుగ కట్టి విడిపించుకొనవలెననియు, ఎవరును రానిచో వేలము వేయవలెననియు ఏర్పరచిరి. ఏనుగుకు రెండు రూపాయలు, గేదెకు ఎనిమిదణాలు, ఆవుకు నాలుగణాలు, పందికి రెండణాలు, మేకకు అణా అని మొదట కట్టిన దండుగలు. పట్టుటయే అన్యాయమైనచో నష్టపరిహారమిచ్చుటకును అందు త్రోవ కలదు. కుక్కయు, పిల్లియు, కోడియు ఆ పట్టికలో లేవు.

“బందెలదొడ్డి సర్కారువారి దోపిడియంత్రము కాదా? పల్నాటివారు ఏమి పడిరో మరచితిరా?” యని ఒక మిత్రుడు నన్నడిగెను. మరువలేదు. పల్నాటిలో అడవిమేతకు పుల్లరి విధించి, కట్టనివారి పశువులను బందెలదొడ్లకు తోలగా, 1921–22లో ప్రజలు పుల్లరి నిరాకరించిరి. కన్నెగంటి హనుమంతు 1922లో ఆ పోరాటముననే పోలీసు తుపాకికి బలియయ్యెను. అయితే అచ్చట పశువులు మేసినది తరతరములుగ ఊరివారు మేపుకొన్న యడవి. ఇచ్చట మేయునది పొరుగువాని చెమట. ఆ త్యాగమును తన బద్ధకమునకు అడ్డుపెట్టుకొనుట హనుమంతునకు మర్యాద కాదు.

ఇంకొక యన్యాయమును చెప్పక విడువజాలను. పందులు పెంచుకొని బ్రదుకు బీదవాని పంది వీధిలో కనబడినచో మనవారు ఒక్కటై పురపాలకసంఘమునకు అర్జీలు వ్రాయుదురు. ఆరోగ్యశాస్త్రమంతయు అప్పుడు జ్ఞప్తికి వచ్చును. అదే వీధిలో పెద్దకుటుంబమువారి గేదెలు అడ్డముగ పండుకొన్నచో బండ్లు ప్రక్కకు తప్పించుకొని పోవుదురు. పేడ ముగ్గుమీద పడినను “పేడే గదా, లక్ష్మి” యని సమాధానపడుదురు. ఒక్క నేరమునకు యజమానుని కులమునుబట్టి రెండు తీర్పులు చెప్పు వీధి, సంస్కారమును గూర్చి ఎన్ని సభలు చేసిననేమి?

కుక్కలమాట. వీధికుక్కలను గూర్చి 2025 ఆగష్టు 11న సర్వోన్నత న్యాయస్థానము ఢిల్లీ ప్రాంతమునకిచ్చిన యుత్తర్వును, 22న దానిని సవరించిన యుత్తర్వును చదివి దేశమంతయు రెండు పక్షములై వాదించినది. ఆ గొడవలో మరుగుపడినది ఇల్లుగల కుక్క. మెడకు పట్టెడయు, వెండి గిన్నెయు, ఇంగ్లీషు పేరును గల కుక్కను వేకువనే తలుపుతీసి వీధిలోనికి వదలుదురు. అది పొరుగువాకిటి ముగ్గులో తన పని ముగించుకొని, పాలు పోయుటకు వచ్చిన ముసలివానిని మొరిగి, ఒక్కొకప్పుడు కరచి, రాజసముగ ఇల్లు చేరును. “మాది కరవదండీ” యని యజమానురాలు అభయమిచ్చును. కరచువరకు ఏ కుక్కయు కరవదు. 2023 నియమావళి పెంపుడుకుక్క టీకాల బాధ్యతను యజమానిమీదనే పెట్టినది. పిచ్చికుక్క రోగము లక్షణములు కనబడినపిమ్మట మానుట దాదాపు లేదు. అంతకుముందైనచో టీకాతో తప్పక వారింపవచ్చును. పాస్తూరు 1885లో పారిసులో మొదటి బాలుని కాపాడెను. 1907లో మన రాజధానియందు కూనూరులో పాస్తూరు వైద్యసంస్థ వెలసినది. నేడు ఆ సూది ప్రభుత్వ వైద్యశాలలలో దొరకుచుండగా, ఇప్పటికిని కాటుమీద కారమద్దువారును, పసరు పోయువారును గలరు. సబ్బును నీళ్లును పెట్టి పదునైదు నిమిషములు కడిగి వెంటనే వైద్యునికడకు పోవలెను. తక్కిన వైద్యములన్నియు కాలహరణము.

పశువుచేత బాధపడినవాడు చేయు తప్పులును చిన్నవి కావు. ఎలుకలమందు కలిపిన అన్నము గోడమీద పెట్టువారు, మేక కాలు విరుగగొట్టువారు, గంజి పోయువారు, అనగా మావంటివారు, పగ తీర్చుకొనునది ఎవరిమీద? దడి దూరినది గేదె కావచ్చును. దడికి అవతల పలుపు విప్పినది మనుష్యుడు. మనుష్యునితో మాటాడుటకు భయపడి గేదెను కాల్చితిమి. శాసనము గూడ దీనినే చెప్పుచున్నది. 2024 జూలై 1నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహితలో, పశువువలన ఇతరులకు అపాయము కలుగకుండ జాగ్రత్తపడని యజమానునికి ఆరునెలల ఖైదో, అయిదువేల రూపాయలవరకు జరిమానాయో, రెండునో కలవు. అందే, పశువును చంపినవానికి గాని అవిటిచేసినవానికి గాని అయిదేండ్లవరకు ఖైదు కలదు. పశువు తప్పునకంటె పశువుమీద చేసిన తప్పు పెద్దదని దీని భావము.

గంజి పడిన మరునాటి యుదయమున నేను పొరుగింటికి వెళ్లితిని. గేదె పుండునకు మందును, కొత్త పలుపొకటియు తీసికొనిపోయితిని. “రండి బావగారూ” యని ఆయన కుర్చీ వేసెను. మూడు నెలలనాడు చెప్పవలసినమాట అప్పుడు చెప్పితిని. గంజిమాటకు క్షమాపణయు చెప్పుకొంటిని. ఆయన ముఖము కొంత చిన్నబోయినది. “పశువు గదండీ, దానికేం తెలుసు?” అనెను. “దానికి తెలియదనే మీదగ్గరకు వచ్చానండీ” యంటిని. కొంతసేపు ఇద్దరము మాటాడలేదు. పిమ్మట కాఫీ వచ్చినది. రెండువారములు సాయంకాలపు షికారులో ఆయన నాతో కలియలేదు, మూడవవారమున కలిసెను. వడియముల ఖరీదు ఆయన యీయలేదు, నేను అడుగలేదు. ఇంటిలో ఆ సంగతి ఇంకను తేలలేదు.

గేదెను మాత్రము ఆయన అప్పుడప్పుడు విడుచుచునే యుండెను. నేను అప్పుడప్పుడు పలుపుతో పట్టుకొనిపోయి అప్పగించుచునే యుంటిని. మొన్న పుష్యమాసమున అది ఈనినది. నాటినుండి దానికి సిమెంటు గుంజయు, రెండు పలుపులును, వసారాలో చోటును దొరకినవి. మా దడి చక్కగనున్నది.