లంగరుకి అంటగట్టిన కుట్ర

మూఢనమ్మకాలు ఎప్పుడూ పక్కవాడికే ఉంటాయని మన హేతువాదులకి ఓ నమ్మకం. 2008 దాకా నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

ఆ ఏడాది జనవరి 30న ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర, సముద్రం అడుగున వేసిన సీ-మీ-వీ-4, ఫ్లాగ్ ఇంటర్నెట్ కేబుళ్ళు రెండూ తెగాయి. మన దేశం నుంచి బయటికి వెళ్ళే ఇంటర్నెట్ సామర్థ్యంలో సుమారు సగం పోయింది. ఫిబ్రవరి 1న దుబాయ్ వైపు ఫాల్కన్ కేబుల్ కూడా తెగింది.

"వరసగా మూడు తెగడం కాకతాళీయమేనా? ఇరాన్ నోరు నొక్కడానికి అమెరికా చేసిన పని కాదూ!" అన్నాడు మా సంఘం మిత్రుడొకాయన. నేను తలూపాను.

అప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోవలసింది: మామూలుగా ఏడాదికి ఎన్ని కేబుళ్ళు దెబ్బతింటాయి? ప్రపంచం మొత్తమ్మీద 150 నుంచి 200. అంటే వారానికి సుమారు మూడు! ఎక్కువ శాతానికి కారణం చేపల వలలూ, ఓడల లంగర్లూ. ఫాల్కన్ తెగినచోట దొరికింది కూడా ఐదారు టన్నుల లంగరే. ఇరాన్‌లో ఇంటర్నెట్ పూర్తిగా ఆగిపోయిందన్నదీ నిజం కాదు.

జ్యోతిష్కుడు ఫలించిన జోస్యాలే లెక్కపెడతాడని నవ్వుతాం. వార్తల్లోకెక్కిన మూడు కేబుళ్ళనే లెక్కపెట్టి నేను చేసిందీ అదే.

కుట్ర కథలతో వచ్చే నష్టమేమిటంటే, అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. 1988లో అట్లాంటిక్ దాటిన మొదటి ఫైబర్ కేబుల్ టాట్-8 సెకనుకి 280 మెగాబిట్లు మోసేది. 2017లో పూర్తయిన మారియాని 160 టెరాబిట్లకి రూపొందించారు. అంటే ఐదు లక్షల రెట్ల పైమాటే! సామర్థ్యం ఇంత పెరిగినా, మన దేశం నుంచి ఐరోపాకి వెళ్ళే ప్రధాన మార్గం మాత్రం ఇప్పటికీ ఎర్రసముద్రం, ఈజిప్టుల ఇరుకుసందే. 2025 సెప్టెంబరులో జెడ్డా దగ్గర కేబుళ్ళు తెగితే భారత్, పాకిస్తాన్ రెండూ ఇబ్బంది పడ్డాయి. మళ్ళీ అవే అనుమానాలు.

విద్రోహం అసాధ్యమని నేననను. రుజువు చూపమంటాను. లంగరు తెంపినా, శత్రువు తెంపినా మందు ఒక్కటే: వేర్వేరు దారులు. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖకి సముద్ర కేబుళ్ళు తెస్తామని ప్రకటించింది. సంతోషం. "ఎన్ని టెరాబిట్లు?" అని అడిగేముందు "ఏ దారిన?" అని అడుగుదాం.