తమకు దక్కిన స్వేచ్ఛ ఇండోనేషియాకు వద్దన్నారు

నెదర్లాండ్స్ ప్రజలు ఏటా మే 5న విమోచన దినం జరుపుకొంటారు. 1940 మే నెలలో ఆ దేశాన్ని ఆక్రమించిన జర్మన్ సైన్యం లొంగుబాటు షరతులను 1945లో అదే రోజున వాగెనింగెన్ పట్టణంలోని ఒక హోటల్లో కెనడా సేనాని చార్లెస్ ఫౌల్క్స్ వారి ముందు పెట్టాడు. ఆ ఆక్రమణ నరకం నుంచి బయటపడిన ప్రజలకు ఆ పండుగ చేసుకునే హక్కు నూటికి నూరు పాళ్లూ ఉంది. అయితే ఆ తర్వాతి నాలుగేళ్లలో వారి ప్రభుత్వం తన వలసగా ఉన్న ఇండోనేషియాలో ఏం చేసిందో కూడా ఆ రోజునే చెప్పుకోవాలి. ఈ రెండూ ఒకే చరిత్ర.

ఆక్రమణ అంటే ఏమిటో డచ్ ప్రజలకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1944 సెప్టెంబరులో లండన్‌లోని ప్రవాస ప్రభుత్వం పిలుపు మేరకు రైల్వే కార్మికులు సమ్మె చేస్తే, జర్మన్లు కక్షగట్టి పశ్చిమ ప్రాంతానికి ఆహార సరఫరాను అడ్డుకున్నారు. ఆ చలికాలంలో ఆమ్‌స్టర్‌డామ్, రోటర్‌డామ్, హేగ్ నగరాల్లో జనం చక్కెర దుంపలు, చివరికి టులిప్ దుంపలు కూడా ఉడకబెట్టుకుని తిన్నారు. ఇంట్లో ఉన్న దుప్పటో, నగో పట్టుకుని పల్లెల్లో రైతుల గడప తొక్కారు. 20 వేల మందికి పైగా చనిపోయారు. యుద్ధం ఇంకా ముగియకముందే, ఏప్రిల్ 29 నుంచి బ్రిటిష్ బాంబర్లు చాలా కిందికి ఎగురుతూ ఆహారం మూటలు జారవిడిచాయి. విమానాల్లోని వారికి కనిపించేలా జనం పొలంలో టులిప్ పూలతో 'కృతజ్ఞతలు' అని పేర్చారు.

సరిగ్గా అదే కాలంలో ఇండోనేషియాలోని జావాలో జపాన్ ఆక్రమణ కింద జనం ఆకలితో, వెట్టిచాకిరితో లక్షల్లో చచ్చిపోయారు. అక్కడి డచ్ కుటుంబాలు కూడా జపాన్ శిబిరాల్లో మగ్గాయి. జపాన్ లొంగిపోయాక, 1945 ఆగస్టు 17న ఇండోనేషియా నాయకులు సుకర్ణో, హట్టా జకార్తాలో స్వాతంత్ర్యం ప్రకటించారు. తర్వాతి నెలల్లో ఇండోనేషియా యువకుల మూకలు వేలమంది డచ్, మిశ్రమ సంతతి పౌరులను చంపిన మాట నిజమే. దాన్ని దాచాల్సిన పని లేదు. కానీ దాన్ని సాకుగా చూపి ఒక దేశాన్ని తిరిగి వలసగా మార్చుకోవడం ఏ ధర్మం?

డచ్ సైనికుల కన్నా ముందుగా అక్కడ బ్రిటన్ సేనలు దిగాయి. సురబయ నగరంపై 1945 నవంబరులో వారు నడిపింది ఎక్కువగా భారత సైనికులనే. మన స్వాతంత్ర్యం కోసం మనం పోరాడుతున్న రోజుల్లో మనవాళ్ల చేత మరొకరి స్వాతంత్ర్యాన్ని అణిచివేయించారు. నెహ్రూ దీన్ని గట్టిగా ఖండించారు.

ఆ తర్వాత నెదర్లాండ్స్ నుంచి లక్ష మందికి పైగా సైనికులు ఓడలెక్కారు. జర్మన్ల పీడ విరగడై ఏడాది గడిచిందో లేదో, ఆ పీడ అనుభవించిన కుర్రాళ్లనే తుపాకులిచ్చి పంపారు. 1947 జులైలో ఒకసారి, 1948 డిసెంబరులో మరోసారి పెద్ద దాడులు జరిపి, వాటికి 'పోలీసు చర్య' అని పేరు పెట్టారు. 1947 డిసెంబరు 8న జకార్తా రేవులో అమెరికా నౌకపై శాంతి చర్చలు మొదలయ్యాయి. మర్నాడే పశ్చిమ జావాలోని రావగెడె గ్రామాన్ని డచ్ సైనికులు చుట్టుముట్టి, మగవాళ్లను బయటికి ఈడ్చి, వరుసలో నిలబెట్టి కాల్చి చంపారు. గ్రామస్థుల లెక్క ప్రకారం మృతులు 431 మంది.

ఆ సైన్యంలోనే పోంకే ప్రిన్సెన్ అనే యువకుడు ఉన్నాడు. జర్మన్ల చెరలో మగ్గినవాడు. 1948లో ఆయన డచ్ సైన్యాన్ని వదిలేసి ఇండోనేషియా గెరిల్లాల పక్షాన చేరాడు. తర్వాత జీవితాంతం అక్కడే మానవ హక్కుల కోసం పనిచేశాడు. స్వదేశంలో ద్రోహి అనిపించుకున్నాడు. 1994 వరకూ ఆయనకు వీసా ఇవ్వలేదు. ఆక్రమణ నేర్పిన పాఠాన్ని ప్రిన్సెన్ ఒంటబట్టించుకున్నాడు, ఆయన ప్రభుత్వం ఒంటబట్టించుకోలేదు.

1949 జనవరిలో ఢిల్లీలో ఆసియా దేశాల సమావేశం, ఐక్యరాజ్యసమితి ఒత్తిడి, అమెరికా ఇచ్చే మార్షల్ సాయం ఆగిపోతుందన్న భయం - ఇవన్నీ కలిసి డచ్ ప్రభుత్వాన్ని దారికి తెచ్చాయి. ఆ ఏడాది డిసెంబరు 27న సార్వభౌమాధికారం అప్పగించింది. అప్పటికి సుమారు లక్ష మంది ఇండోనేషియన్లు, దాదాపు 5 వేల మంది డచ్ సైనికులు ప్రాణాలు కోల్పోయారు. అంతటితోనూ ఊరుకోలేదు, వలస పాలన చేసిన అప్పుల్లో 400 కోట్ల గిల్డర్లకు పైగా కొత్త దేశం నెత్తిన రుద్దారు. ఇది నాకు అన్నిటికన్నా పెద్ద అన్యాయంగా కనిపిస్తుంది.

పశ్చాత్తాపం మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి. రావగెడె వితంతువులు హేగ్ కోర్టుకెక్కి 2011లో గెలిచాక ప్రభుత్వం క్షమాపణ చెప్పింది. 2020లో రాజు విలెం అలెగ్జాండర్ ఇండోనేషియా వెళ్లి, మితిమీరిన హింసకు విచారం ప్రకటించారు. డచ్ సైన్యం విపరీత హింసను విస్తృతంగా ప్రయోగించిందని 2022లో పరిశోధకులు తేల్చారు. 2023 జూన్‌లో ప్రధాని రుట్టే పార్లమెంటులో, 1945 ఆగస్టు 17నే ఇండోనేషియా స్వాతంత్ర్య దినంగా పూర్తిగా గుర్తిస్తున్నామన్నారు. ఈ ఒక్క మాట అనడానికి 78 ఏళ్లు పట్టింది. ఇకనైనా డచ్ బడుల్లో మే 5 పాఠం చెప్పే ఉపాధ్యాయులు అదే గంటలో రావగెడె గురించీ చెప్పాలి.