రెండు రూపాయల మాత్రకు దిక్కెవరు?

షుగరు ఉన్న ఇంట్లో మెట్‌ఫార్మిన్ పేరు తెలియనివారు ఉండరు. ఆరు దశాబ్దాలకు పైగా వాడుకలో ఉన్న ఈ మాత్ర మందుల షాపులో రెండు మూడు రూపాయలకు దొరుకుతుంది. ముసలితనంతో వచ్చే జబ్బులన్నిటినీ ఇది ఒకేసారి వెనక్కి నెట్టగలదేమో తేల్చడానికి న్యూయార్క్ పరిశోధకుడు నిర్ బార్జిలాయ్ బృందం 65-79 ఏళ్ళ వయసువారు మూడు వేల మందిపై పరీక్ష తలపెట్టింది. 2015లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థతో చర్చలు కూడా జరిపింది. కావలసింది కొన్ని కోట్ల డాలర్లు. వాటి కోసం ఏళ్ళ తరబడి తిరగాల్సి వచ్చింది. పేటెంటు లేని మందు మీద ఏ కంపెనీ మాత్రం డబ్బు పెడుతుంది? కణాలకు యౌవనం తిరిగి తెస్తామంటూ 2022లో జనం ముందుకొచ్చిన ఆల్టోస్ ల్యాబ్స్‌కు మాత్రం 300 కోట్ల డాలర్లు పోగయ్యాయి. మెట్‌ఫార్మిన్ ఈ పనికి రాకపోవచ్చు. ఎలుకల మీద ఇచ్చి చూసినప్పుడు ఆయుష్షు చెప్పుకోదగ్గంత పెరగలేదు కూడా. కానీ రాదని తేలడానికైనా పరీక్ష జరగాలి కదా!

ఆయుష్షు పొడిగించడం ప్రకృతి విరుద్ధమనే వాదన నాకు ఎక్కదు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన సగటు ఆయుష్షు 32 ఏళ్ళ దగ్గర ఉండేది, ఇప్పుడు 70. పసిపిల్లల చావులు తగ్గడమే అందులో పెద్ద భాగం. టీకాలు, మంచినీళ్ళు, విరేచనాలకు ఉప్పు పంచదార కలిపిన నీళ్ళు, ఇవన్నీ ప్రజల సొమ్ముతో ఊరూరికీ చేరినవే. ఇకముందు కలిసొచ్చే ఏళ్ళు ఆ దారిన వచ్చేలా లేవు. నా అభ్యంతరం దీర్ఘాయుష్షు మీద కాదు, దాన్ని పూర్తిగా పెట్టుబడిదారుల లెక్కకు వదిలేయడం మీద.

ఏ కొత్త వస్తువైనా మొదట డబ్బున్నవాళ్ళకే అందుతుంది, సెల్‌ఫోను మాత్రం అలా రాలేదా అంటారు. మందుల చరిత్ర అంత సాఫీగా నడవలేదు. ఎయిడ్స్‌కు మూడు మందుల చికిత్స 1996లో వచ్చింది, ఏడాదికి పదివేల డాలర్లు పైమాటే. 2001లో మన దేశపు మందుల కంపెనీ సిప్లా దాన్ని 350 డాలర్లకు ఇస్తానన్నది. మందుకు కాక, తయారీ పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చిన మన 1970 చట్టం ఉండబట్టే ఆ మాట అనగలిగింది. ఈ మధ్యలో ఆఫ్రికాలో పోయిన ప్రాణాలు ఏ ధర తగ్గింపుతోనూ తిరిగిరాలేదు. పైగా 2005లో ఆ చట్టం మారింది. ఇప్పుడు మందుకే 20 ఏళ్ళ పేటెంటు. పేటెంటుదారు ఒప్పుకోకపోయినా వేరే కంపెనీ ఆ మందు చేసేలా ప్రభుత్వం ఇచ్చే తప్పనిసరి లైసెన్సు అనే వెసులుబాటు మిగిలినా, దాన్ని వాడింది ఒక్కసారే: 2012లో హైదరాబాదు కంపెనీ నాట్కోకు, బేయర్ వారి క్యాన్సర్ మందు నెక్సవార్ విషయంలో. నెలకు రెండు లక్షల ఎనభై వేలున్న మందు 8,800కు దిగింది. క్యాన్సర్ కాబట్టి అది సాధ్యపడింది. ముసలితనాన్ని జబ్బుగా ఏ ప్రభుత్వమూ లెక్కలో రాసుకోలేదు. జబ్బే కానిదానికి లైసెన్సు ఎవరు అడుగుతారు, ఆరోగ్యశ్రీ ఎలా వర్తిస్తుంది?

ఇంతకన్నా బరువైన ఆక్షేపణ ఇంకొకటుంది. అందరికీ అందినా పెద్దలు కుర్చీలు దిగరు, పిల్లలకు వంతు రాదు అని. కాదనలేం. ఏ మాత్రా రాకముందే తెలంగాణ 2021లో ఉద్యోగుల విరమణ వయసును 58 నుంచి 61కి పెంచింది. 2014లో 60 చేసిన ఆంధ్రప్రదేశ్ 2022లో 62కు తెచ్చింది. కోచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే కుర్రాళ్ళకు కడుపు మండిందంటే తప్పేముంది? అయితే ఇది ఆయుష్షు తెచ్చిన తంటా కాదు. విరమణ ప్రయోజనాల చెల్లింపును వాయిదా వేసుకోవడానికి ఖజానాకు దొరికిన సులువైన దారి. కుర్చీల గోల కూడా కుర్చీ ఉన్నవాళ్ళదే. మన ముసలివాళ్ళలో ఎక్కువమంది పొలంలో, కూలిలో బతికినవాళ్ళు; వాళ్ళకు విరమణ అంటే ఒంట్లో సత్తువ చచ్చిన రోజు. ఇంకో పదేళ్ళు కలిసొస్తే ఆ పదేళ్ళ కూడు ఎక్కడిది? ఆంధ్రలో 2024 నుంచి నెలకు 4,000 పింఛను ఇస్తున్నారు, అది రాష్ట్రం భరిస్తున్నది. 60 నుంచి 79 ఏళ్ళ పేదలకు కేంద్రం తన వాటాగా ఇచ్చేది 200 రూపాయలు. 2007లోనూ అంతే.